రెండు కట్టల గోంగూర సేపు

పాసయ్యాను. కమ్యూనిటీ హెల్త్ ప్రాక్టికల్ పాసయ్యాను. దాంతో నర్సింగ్ డిగ్రీ మొత్తం పాసయినట్టే. మా ఇంట్లో పేరు పక్కన డిగ్రీ రాసుకునే మొదటి మనిషిని నేనే. ముందు ఈ మాట బయటపెడితే తప్ప మిగతాది కుదురుగా రాయలేను. ఇప్పుడు రాస్తాను.

మా బస్తీ అంగన్‌వాడీ వరండాలో కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం రెండు కావస్తోంది. పొద్దుటి టీకాల పని ముగిసింది, ఐసు పెట్టిన నీలం డబ్బా తీసుకుని నర్సు దీదీ వెళ్ళిపోయింది. వరండా నిండా గోంగూర కాడలు. మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, వాటిని చీపురుతో ఓ మూలకు చేరుస్తూ మధ్యమధ్య నా వైపు చూసి తనలో తను నవ్వుకుంటోంది. టీకాలు వేసే చోట గోంగూర కాడలేమిటో చెప్పాలంటే నేను ఒకసారి ఫెయిలయిన సంగతి చెప్పాలి. దానికంటే ముందు మా బస్తీ పిల్లలకు సూదులు ఎక్కడ పడతాయో చెప్పాలి.

మాది జాముల్‌కీ హథ్‌ఖోజ్‌కీ మధ్య ఉన్న బస్తీ. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి, ఛత్తీస్‌గఢ్‌కి, ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వచ్చాడు. పర్మనెంటు అవకుండానే పోయాడు. నాన్న హథ్‌ఖోజ్‌లో ఓ చిన్న షెడ్డులో వెల్డింగు చేస్తాడు. పర్మనెంటు అయినవాళ్ళకు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్లలో క్వార్టర్లు ఉంటాయి, మెడికల్ బుక్కు ఉంటుంది, ఆ బుక్కులో పిల్లల పేర్లుంటాయి. వాళ్ళ పిల్లలు సెక్టరులోనే హెల్త్ సెంటరుకు వెళ్ళి, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, నంబరు పిలిచాక లోపలికెళ్ళి టీకా వేయించుకుంటారు. మాకు బుక్కు లేదు. మాకు మంగళవారం ఉంది.

మంగళవారం పొద్దున్నే మితానిన్ వచ్చేది. ఇక్కడ ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం సంగతులు చూసే ఆవిణ్ణి అలాగే పిలుస్తారు, ఆ మాటకు స్నేహితురాలని అర్థం. చేతిలో పిల్లల పేర్ల చిట్టా పట్టుకుని వీధి మొదట్లో నిలబడి ఒక్కో పేరూ పిలిచేది. పేరు వినపడ్డ పిల్లలు వినపడనట్టు మాయమైపోయేవాళ్ళు. అప్పుడు మా మామ్మ బయలుదేరేది. ఎవరెక్కడ దాక్కుంటారో ఆవిడకు తెలుసు.

నేను ఐదేళ్ళ సూదికి మా నీళ్ళ డ్రమ్ము వెనక దాక్కున్నాను.

"ఏటే, నాను సూడనేదనుకుంటన్నావేటి? నీ జడ అవుపడతంది."

"నాకు సూదొద్దు మామ్మా."

"సూది నీకెవులెత్తారే? నాకు ఎయ్యమన్నాను. నువ్వు నా ఒళ్ళో కూకో, సాలు. ఒక్కదాన్నీ ఎల్లడానికి నాకు భయమేత్తంది."

పాపం మామ్మకు భయమేస్తోందని వెళ్ళి ఒళ్ళో కూర్చున్నాను. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను కూడా, ధైర్యం చెప్పడానికి. సూది నా భుజంలో దిగింది.

"నీకన్నావు" అని ఏడ్చాను.

"నాకే ఎయ్యమన్నానే తల్లీ. ఆయమ్మకి కల్లు సరిగ్గా అవుపడవు."

తరువాత మామ్మ వరండా చివరకు వెళ్ళి చెంబులో నీళ్ళతో మూడుసార్లు పుక్కిలించింది. అప్పట్లో చుట్ట కాల్చేది, ఆ నోటితో పిల్లల మీద ఊదకూడదని ఆవిడకావిడ పెట్టుకున్న నియమం అది. తిరిగొచ్చి సూది పడ్డ చోట పెదాలు సున్నాలా చుట్టి ఊదింది. "ఉఫ్. పోయింది పో. అదుగో, నొప్పి చిమ్నీ ఎక్కీసింది. సూడు ఎలగెల్లిపోతందో."

చూశాను. అంగన్‌వాడీ వరండాలోంచి జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ చిమ్నీ కనిపిస్తుంది. పొగ నెమ్మదిగా పక్కకు వాలుతూ పోతోంది. నా నొప్పి అంత పెద్దదా అని గర్వంగా అనిపించింది. చాలా ఏళ్ళు ఆ పొగంతా పిల్లల నొప్పులే అనుకున్నాను. పొగ ఎక్కువగా ఉన్నరోజు, ఇవాళ సెక్టర్లలో కూడా సూదులు వేసినట్టున్నారు అనుకునేదాన్ని.

సెక్టర్ 2లో ఓ తెలుగు వాళ్ళింట్లో మా అమ్మ వంట చేస్తుంది, ఇప్పటికీ అక్కడే. ఆ ఇంటి అమ్మాయి నా కంటే రెండేళ్ళు చిన్నది. నాకు ఏడేళ్ళున్నప్పుడు ఓ సెలవు రోజు అమ్మ నన్ను వెంట తీసుకెళ్ళింది. ఆ పిల్ల సూది వేయించుకుని అప్పుడే ఇంటికొచ్చి, సోఫాలో భుజం పట్టుకుని కూర్చుని, చేతిలో చాక్లెట్ ఉన్నా తినకుండా ముక్కు ఎగబీలుస్తోంది. నేను కాసేపు చూశాను. చాక్లెట్ ఇచ్చారు కానీ ఎవరూ ఊదలేదని నాకు అర్థమైంది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పుక్కిలించి వచ్చి, ఆ పిల్ల భుజం మీద ఊదాను. చిమ్నీ చూపిద్దామని కిటికీ దగ్గరకు లాక్కెళ్ళాను. వాళ్ళ కిటికీలోంచి గుల్‌మొహర్ చెట్టు తప్ప ఏమీ కనబడలేదు.

"అది ఎక్కడికి వెళ్ళిందీ?" అని ఆ పిల్ల అడిగింది.

"ఎక్కీసింది. మీకు అవుపడదు, అంతే" అన్నాను.

వాళ్ళమ్మగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారట. నవ్వి, నాకూ ఓ చాక్లెట్ ఇచ్చారు. తెలుగు అక్షరాలు నాకు ఆవిడే నేర్పారు, బడి హిందీ మీడియం కావడంతో. ఇది రాయగలుగుతున్నానంటే ఆవిడ చలవే.

నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చిన రోజు నుంచి నాన్న షెడ్డులో అందరికీ ఒకటే చెప్పాడు, "మా గుంట డిగ్రీ సదూతంది" అని. ఏ డిగ్రీ అంటే మాత్రం "సూదులెయ్యే డిగ్రీ" అనేవాడు. కాలేజీలో సూది వేయడం కంటే వేశాక చేయకూడనివి ఎక్కువ నేర్పారు. వేసిన చోట రుద్దకూడదు. పసుపు, నూనె, కాపడం ఏవీ పెట్టకూడదు. నోటి గాలి తగలనివ్వకూడదు. ఆఖరిది రాసుకుంటున్నప్పుడు మామ్మ గుర్తొచ్చి పక్కమ్మాయితో చెప్పి నవ్వుకున్నాను కూడా. ఇంటికొచ్చి మామ్మతో అంటే, "నాను ఊదిన గుంటలంతా సచ్చిపోనారేటి? ఒకత్తి ఎదురుగా నిలబడి నాకే పాటాలు సెప్తంది" అంది. ఆవిడ ఊదడం మానలేదు, నేను మళ్ళీ చెప్పలేదు.

ప్రాక్టికల్ పరీక్ష వేరే బస్తీ అంగన్‌వాడీలో పెట్టారు. బయట నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ నా పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. నా వంతుకు పది వారాల ఆడపిల్ల వచ్చింది. కార్డు చూశాను. తల్లిని ఏ మందు ఎందుకో అర్థమయ్యేలా చెప్పి ఒప్పించాను. పోలియో చుక్కలు వేశాను. డబ్బాలో మందు చల్లగా ఉందో లేదో చూశాను, తేదీ చూశాను, సీసా మీది గుర్తు రంగు చూశాను. తొడ మీద చోటు సరిగ్గా పట్టుకున్నాను. సూది తీశాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, నోరు తెరిచి, శబ్దం లేకుండా ముఖమంతా ఎర్రగా చేసుకుని, ఆ తరువాత ఏడ్చింది.

ఆ శబ్దంలేని క్షణంలోనే జరిగింది. నా చెయ్యి నా మాస్కును గడ్డం కిందకు లాగింది. ఉఫ్ అన్న చప్పుడు వినపడ్డాకే అది చేసింది నేనని తెలిసింది.

మేడమ్ కలం మూత తీశారు. "యే క్యా కియా తుమ్నే?" అన్నారు. ఇదేం చేశావు నువ్వు అని, గట్టిగా కూడా కాదు. మాస్కు గడ్డం కిందే ఉంది. నాలుగేళ్ళుగా నేర్చుకున్నదంతా నా చేతుల్లో ఉంది, కానీ నా నోట్లో మామ్మ ఉంది.

ఆ సాయంత్రం ఆ పిల్ల తల్లికి ఫోన్ చేశాను. నంబరు వచ్చేటప్పుడు నేనే అడిగి తీసుకున్నాను. నా ఊపిరి తగిలి పిల్లకేమైనా అవుతుందేమోనని భయం. "బుఖార్ హల్కా సా హై దీదీ, దూధ్ పీ రహీ హై" అందావిడ. కొద్దిగా జ్వరం ఉంది గానీ పాలు తాగుతోందట. మూడు రోజులు చేశాను. నాలుగో రోజు ఆవిడే చేసి, మీరు ఇవాళ ఫోన్ చేయలేదేం దీదీ అని అడిగింది.

నేను ఫెయిలని తేలాక ఇంట్లో చెప్పాను. మళ్ళీ పరీక్ష ఆరు నెలలకు. అదీ పోతే డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది, నాకంటే చిన్నవాళ్ళతో కూర్చోవాలి. నాన్న కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతూ కూర్చున్నాడు. మామ్మే అడిగింది.

"అంత పెద్ద తప్పు ఏటి సేసినావే?"

"ఊదినాను మామ్మా."

"ఊదినావా? పరీచ్చలోనా?"

"ఊఁ. మాస్కు తీసి మరీ."

అమ్మకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ్మ నవ్వలేదు. "ఎవుల్ని సూసి నేర్సుకున్నావు?" అంది. జవాబు నేను చెప్పనక్కర్లేదని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

ఆ తరువాతి మంగళవారం మామ్మ అంగన్‌వాడీకి వెళ్ళలేదు. మోకాలు నొప్పి అంది. దాని తరువాతి వారం ఉతకాల్సిన బట్టలున్నాయంది. మూడోవారం ఏమీ అనకుండా గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరింది. బియ్యంలో రాళ్ళేమీ లేవు.

ఆ మధ్యాహ్నం మితానిన్ మా ఇంటికే వచ్చేసింది. అప్పటి ఆవిడే, జుట్టు సగం నెరిసింది. "దాయీ, తైం కాబర్ నఈ ఆవత్ హస్?" అంది వాళ్ళ ఛత్తీస్‌గఢీలో, అమ్మా నువ్వెందుకు రావడంలేదని. వచ్చినవాళ్ళు తక్కువట. వచ్చినవాళ్ళు కూడా సూది పడ్డ మరుక్షణం పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోతున్నారట. ఒక పిల్లాడు దారిలో పాలు కక్కుకుంటే వాళ్ళమ్మ బెదిరిపోయి, ఇక ఆ గుమ్మం తొక్కనందట. అర్ధగంట ఆగి ఉంటే అక్కడే నర్సు దీదీ చూసి, ఏం కాదని చెప్పి పంపేది కదా అని మితానిన్ బాధ.

నేను లోపల గదిలో పుస్తకం ముందు కూర్చుని వింటున్నాను. టీకా వేశాక ముప్పై నిమిషాలు అక్కడే కూర్చోబెట్టాలి, ఒంటికి పడకపోతే ఎక్కువగా ఆ కాసేపట్లోనే తెలుస్తుంది. ఆ మాట నా పుస్తకంలో గీత గీసి ఉంది. మా వీధిలో ఆ పుస్తకం ఎవరూ చదవలేదు. అయినా ఇన్నేళ్ళూ అందరూ ఆగేవాళ్ళు. మామ్మ అందరు పిల్లలకూ సూదులు అయిపోయేదాకా చుట్ట కాల్చుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ కూర్చుని, చిట్టచివర పుక్కిలించి, వరసగా ఊదుకుంటూ వచ్చేది. ఊదించుకోకుండా ఏ తల్లీ కదిలేది కాదు. చుట్ట మానేశాక కూడా ఆ వరస మారలేదు. ముప్పై నిమిషాలకు మా వీధిలో పేరు మామ్మ.

మితానిన్ వెళ్ళాక బయటికొచ్చి మామ్మ పక్కన కూర్చున్నాను.

"మామ్మా, నువ్వు వొచ్చే మంగళారం ఎల్లాల."

"ఎల్లి ఏటి సెయ్యను? నా నోరు నిన్ను ముంచీసింది. ఇంకెవుల్ని ముంచమంటావు?"

"ఊదు. కాని కాలు మీదా సెయ్యి మీదా కాదు."

"మరెక్కడ, గాల్లో ఊదమంటావేటి?"

"ఎనకనుంచి, నడినెత్తి మీద. అదీ అర్ధగంట అయ్యేక. ముందు అడిగితే ఇవ్వకు."

మామ్మ బియ్యం చేట పక్కన పెట్టింది. నడినెత్తి మీద ఊదడం ఆవిడకు నచ్చినట్టుంది. "అర్ధగంటంటే నాకేటి తెల్సు? గడేరం సూడ్డం నాకు తెల్దు కదా. ఒకొక్కలు ఒకో తూరి వొత్తారు, ఎవులెప్పుడొచ్చినారో ఎలగ గుర్తెట్టుకోను?"

ఇద్దరం ఆలోచించాం. వంటలన్నీ లెక్కేసుకుంది. పప్పు ఉడకడానికి ఎంతసేపు, గంజి వార్చడానికి ఎంతసేపు. ఇంటి వెనక బోరింగు నీళ్ళు పారే చోట ఆవిడ గోంగూర పెంచుతుంది. అటు చూసి అంది, "ఒళ్ళో గుంట ఉంటే, రెండు కట్టలు గోంగూర వొలిసినంతసేపు."

నేను నమ్మలేదు. పక్కింటి పిల్లాణ్ణి అడిగి తెచ్చుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఫోనులో టైము పెట్టి రెండు కట్టలు వలిచాను. వాడు ఒక కాడ లాక్కున్నాడు, ఇంకోటి నమిలాడు. ముప్పైరెండు నిమిషాలు.

ఆ మంగళవారం మామ్మ వరండాలో చాప పరిచి, తడిగుడ్డలో గోంగూర కట్టలు చుట్టి పెట్టుకుని కూర్చుంది. లోపల సూది. బయట మామ్మ. సూది వేయించుకుని వచ్చిన ప్రతి తల్లికీ రెండు కట్టలు. ఆకు వాళ్ళింటికి, కాడలు మా మేకకు. ఆ ఆకును ఇక్కడివాళ్ళు అమారీ అంటారు, మా తెలుగువాళ్ళకీ వాళ్ళకీ కూడా ఇష్టమే. మొదట వచ్చిన ఛత్తీస్‌గఢీ అమ్మాయి కట్టలు చూసి బెంబేలెత్తింది.

"దాయీ, పూరా తోడ్నా పడేగా?"

"పూరా తోడో. తబ్ ఫూంక్ మిలేగా." అంతా వలిస్తేనే ఊదుతానని మామ్మ హిందీ. నాకంటే ధీమాగా మాట్లాడుతుంది, తప్పులతో సహా.

ఒకావిడ రెండో కట్టను చాప కిందకు తోసి, అయిపోయిందంది. మామ్మ చాప ఎత్తి చూపించింది. "ఇదేటి, దీనికి రెక్కలొచ్చి కిందకెల్లిందా? కూకో. నీ పిల్ల కంటే నువ్వే ఎక్కువ ఏడ్సేలాగున్నావు." వరండా అంతా నవ్వు. ఆ పిల్ల అప్పటికే నిద్రపోయింది.

నర్సు దీదీ మొదట మొహం చిట్లించుకుంది. ఇదేం కూరల మండీయా అంది. మధ్యాహ్నం వెళ్ళేటప్పుడు చాప వైపు చూసి, ఇవాళ ఒక్కళ్ళు కూడా ముందు వెళ్ళలేదు అని మితానిన్‌తో అంది. వచ్చే వారం తనకూ రెండు కట్టలు ఉంచమని మామ్మకు చెప్పింది.

రెండోసారి పరీక్ష జాముల్‌లోనే మరో అంగన్‌వాడీలో. అదే మేడమ్. నన్ను గుర్తుపట్టారో లేదో తెలియలేదు. గుర్తుపట్టారనే అనుకుంటాను, మాస్కు ఓసారి చూశారు. ఈసారి మూడున్నర నెలల మగపిల్లాడు. అంతా చేశాను. సూది తీశాను. వాడూ శబ్దం లేకుండా నోరు తెరిచాడు. మాస్కు లోపల నా పెదాలు సున్నాలా చుట్టుకోవడం నాకు తెలిసింది. చెయ్యి మాత్రం పిల్లాడి కాలు మీదే ఉంచాను, కదలనివ్వలేదు. సిరంజి పారేసి, ఏ టీకా వేశామో, మళ్ళీ ఎప్పుడు రావాలో, జ్వరమొస్తే ఏం చేయాలో, కార్డు ఎలా దాచుకోవాలో తల్లికి చెప్పాను. అర్ధగంట ఉండమన్నాను. ఆవిడ తలూపి చెప్పులు వేసుకుంది.

నా దగ్గర గోంగూర లేదు. మామ్మ లేదు. మేడమ్ రాసుకుంటున్నారు. ఇక్కడితో నా పని అయిపోయినట్టే, ఆగమని చెప్పేశాను కాబట్టి మార్కు పడిపోతుంది. ఆవిడ మెట్టు దిగుతోంది. నేను గ్లవుజులు తీసేసి వెనకాలే వెళ్ళి, ఆవిణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, నేనూ కూర్చున్నాను. "ఉధర్ దేఖ్, బాబూ" అని పిల్లాడికి చిమ్నీ చూపించాను. నీ నొప్పి అదుగో, ఎక్కుతోంది, ఇంకా సగమే ఎక్కింది, పైదాకా వెళ్ళేవరకు మనం చూడాలి అని చెప్పాను. పిల్లాడికేం అర్థమవుతుంది. వాళ్ళమ్మ మాత్రం చూసింది. మీ ఊరేది, మొదటి పిల్లాడా అని అడిగాను. ఆవిడ కబుర్లలో పడింది. మధ్యలో లోపలికెళ్ళి ఇంకో పిల్ల కార్డు రాసి వచ్చాను, అప్పటికీ కూర్చునే ఉంది.

వెనక్కి తిరిగితే మేడమ్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడకేం చెబుతున్నావని అడిగారు. చెప్పాను, చిమ్నీ సంగతి. మామ్మ సంగతి మాత్రం చెప్పలేదు, మొదటిసారి ఊదిందెవరో గుర్తొస్తుందని భయం. మేడమ్ చిమ్నీ వైపు చూశారు. వాచీ చూసుకుని లోపలికెళ్ళి ఏదో రాశారు. ఆ రాసిందేమిటో తెలియక ఇన్ని రోజులూ అన్నం సహించలేదు.

ఇవాళ మంగళవారం. ప్రాక్టీసు పోకుండా నర్సు దీదీ దగ్గర సాయానికి వస్తున్నాను. సూదుల దగ్గర ఫోను ఉండకూడదని దీదీ నియమం, అందుకని నా ఫోను సంచీలో, ఆపేసి ఉంది. పదకొండు గంటలప్పుడు తలెత్తి చూస్తే గుమ్మంలో తల్లుల వరస చివర మా అమ్మ నిలబడి ఉంది. ఆ టైముకు అమ్మ సెక్టర్ 2లో కూర తాలింపు వేస్తూ ఉండాలి. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఉంది, చెమట కారుతోంది. చెప్పులు బయట విప్పి, చేతులు కట్టుకుని, పిల్లని తెచ్చుకున్నవాళ్ళలాగే వరసలో నిలబడింది. నా చేతిలో సూది ఉంది, పిల్లని ఒళ్ళో పెట్టుకున్న తల్లి చూస్తోంది.

"ఏటమ్మా?" అన్నాను.

"ఏటీ లేదు. నీ పని కానీ."

"ఎవులికైనా బాగులేదా?"

"అందరూ బాగున్నారు. ముందు ఆ గుంట సంగతి సూడు."

నా ముందు ఇంకా నలుగురు పిల్లలున్నారు. నలుగురికీ వేశాను. ఒక్కో పిల్ల అయినకొద్దీ అమ్మ ఒక్కో అడుగు ముందుకు జరిగింది. ఫెయిలని చెప్పడానికే వచ్చి ఉంటుందని, పని మధ్యలో నా చెయ్యి వణుకుతుందని ఆగిందని అనుకున్నాను. అమ్మ వంతు వచ్చేసరికి దీదీ సీసాలు సర్దుతోంది. అమ్మ నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఎందుకో కార్డు అడగాలనిపించింది.

"పాసయిపోనావు" అంది.

సెక్టర్ 2 అమ్మాయి తన ఫోనులో చూసిందట. నా రోల్ నంబరు ఫ్రిజ్ మీద చీటీ రాసి అతికించుకుందట ఆ పిల్ల, ఇన్ని రోజులూ రోజుకు రెండుసార్లు చూస్తోందట. నాకు ఫోన్ చేస్తే కలవలేదు. అమ్మ స్టవ్వు ఆపి, ఆటో కూడా ఎక్కకుండా సగం దారి నడిచేసింది. నడుస్తున్నానన్న సంగతి తరువాత తెలిసిందంది.

"మరి వచ్చిన యెంటనే సెప్పొచ్చు కదమ్మా."

"సేతిలో సూదున్నోల్లతో మాటాడకూడదు" అంది. అది ఎవరు నేర్పారో నాకు తెలియదు.

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా వరండాలోకి వచ్చేసరికి మామ్మకు విషయం చేరిపోయింది. చాప మీద ఉన్న తల్లులంతా గోంగూర ఆపి నా వైపు చూస్తున్నారు. మామ్మ లేచి, గోడ పట్టుకుని వరండా చివరకు వెళ్ళింది. చుట్ట మానేసి ఎన్నేళ్ళయిందో, అయినా చెంబు తీసుకుని మూడుసార్లు పుక్కిలించింది. నేను చాప మీద కూర్చుని తల వంచాను.

"ఇప్పుడు కాదు" అంది మామ్మ. "రెండు కట్టలు వొలుసు ముందు."

వలిచాను. అమ్మ ఒక కట్ట అందుకోబోతే మామ్మ చెయ్యి మీద కొట్టింది. ఒళ్ళో పిల్ల లేదు కదా, బేగి అయిపోతుందని పక్కావిడ తన పిల్లని నా ఒళ్ళో పడేసింది. కాడలన్నీ ఖాళీ అయ్యాక మామ్మ నా వెనక నిలబడి, రెండు చేతులూ నా తల మీద పెట్టి, నడినెత్తి మీద ఊదింది. ఆవిడ ఊపిరి వేడిగా తగిలింది. నొప్పి చిమ్నీ ఎక్కిందని అంటుందనుకున్నాను. చేతులు తీయకుండా ఇంకోసారి ఊదింది.

సంచీలోంచి ఫోను తీసి ఆన్ చేశాను. మిస్డ్ కాల్ మెసేజీలు పదిహేడు. ఇంక ఫోన్ చేయాల్సినవాళ్ళను ఈ కాగితం చివర రాసుకుంటున్నాను, సంతోషంలో ఎవర్నీ మరిచిపోకుండా.

నాన్నకు. షెడ్డులో మోతకు ఫోను వినపడదు, టీ టైములోనే చేయాలి. ఏ డిగ్రీ అన్నది ఈసారి పూర్తిగా నేర్పాలి.

సెక్టర్ 2 అమ్మాయికి. అమ్మ తాలింపు వేయకుండా వచ్చేసిన కూర సంగతి కూడా కనుక్కోవాలి.

టెక్కలిలో మేనత్తకు. గోంగూర విత్తనాలు పంపింది ఆవిడే.

కాలేజీలో నా పక్కన కూర్చున్న అమ్మాయికి. నోటి గాలి గురించి రాసుకుంటూ ఇద్దరం నవ్వాం కదా, ఇప్పుడు మళ్ళీ నవ్వాలి.

మితానిన్‌కు. పక్క వీధిలోనే ఉంది, ఫోన్ కంటే కేకే త్వరగా చేరుతుంది.

మొదటి పరీక్షలో నేను ఊదిన పిల్ల వాళ్ళమ్మకు. ఆ పిల్లకు ఇప్పుడు తొమ్మిది నెలలు నిండుతాయి, తట్టు టీకా వేయించే వేళ. ముందు అది వేయించారా అని అడగాలి. వేయించకపోతే వచ్చే మంగళవారం ఇక్కడికి తీసుకురమ్మనాలి, రెండు కట్టలు తీసి పక్కన పెడతామని చెప్పాలి. నా సంగతి ఆ తరువాత.